టీబీ కోర్సు ముగిశాక కూడా దగ్గు, ఆయాసం పోకపోతే ఏం చేయాలి?

టీబీ మందులు పూర్తిగా వాడి, చివరి కళ్లె పరీక్షలో క్రిమి లేదని తేలిన తరువాత కూడా పొద్దున్నే దగ్గు వస్తోందని, మెట్లెక్కితే ఆయాసపడుతున్నామని, ఛాతీలో ఒకపక్క పట్టేసినట్లు ఉంటోందని, జబ్బు తిరగబెట్టిందేమోనన్న దిగులుతో నిద్ర పట్టడం లేదని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే మాటలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. ఆరు నెలల కోర్సు పూర్తిచేసి, ప్రస్తుతం మా మండలంలో టీబీ ఛాంపియన్‌గా రోగుల ఇళ్లకు వెళ్లి వస్తున్నవాణ్ణి. అందువల్ల ఇందులో మందుల మోతాదులు ఉండవు. మీరు ఇంట్లో చేసుకోవలసినవి, వైద్యుడిని అడగవలసినవి మాత్రమే ఉంటాయి.

ముందుగా ఒక్క విషయం తెలుసుకోండి. మందులు క్రిమిని చంపుతాయి గానీ, అది పాడుచేసిన ఊపిరితిత్తిని కొత్తగా మొలిపించలేవు. కొందరిలో ఆ చోట గట్టి మచ్చ మిగులుతుంది, కొందరిలో గుల్లబారిన చోటు అలాగే ఉండిపోతుంది, ఇంకొందరిలో శ్వాసనాళాలు సాగి వెడల్పై వాటిలో కళ్లె నిలుస్తుంది. ఈ మూడో స్థితినే వైద్యులు బ్రాంకియెక్టాసిస్ అంటారు. కాబట్టి దగ్గు ఉన్నంత మాత్రాన టీబీ ఉన్నట్లు కాదు. అలాగని పాత మచ్చేలే అని అన్నింటినీ కొట్టిపారేయడానికీ వీల్లేదు, ఎందుకంటే తిరగబెట్టే కేసుల్లో ఎక్కువభాగం కోర్సు ముగిసిన మొదటి రెండేళ్లలోనే, అందులోనూ మొదటి ఏడాదిలోనే బయటపడతాయి. ఈ రెండింటి తేడా ఒక్కరోజు దగ్గును చూసి చెప్పగలిగేది కాదు. నిన్నటికీ నేటికీ వచ్చిన మార్పును బట్టి తెలుస్తుంది. ఆ మార్పు తెలియాలంటే మీ కొలతలు మీ దగ్గర రాసి ఉండాలి.

కావలసినవి

- జబ్బు మొదట్లో తీసిన ఎక్స్‌రే, కోర్సు ముగిశాక తీసిన ఎక్స్‌రే. రెండోది తీయించుకోకపోతే ఇప్పుడైనా తీయించుకోండి.
- చికిత్స కార్డు, నిక్షయ్ ఐడీ (ప్రభుత్వ టీబీ రికార్డులో మీ నంబరు), కళ్లె పరీక్షల రిపోర్టులు, మందులు మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ.
- ఒక నోటుపుస్తకం.
- థర్మామీటరు.
- బరువు చూసుకునే యంత్రం. ఇంట్లో లేకపోతే మందుల షాపులోనో, ఆరోగ్య ఉపకేంద్రంలోనో ఎప్పుడూ ఒకే యంత్రం మీద చూసుకోండి.
- వీలైతే, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటరు. కొనలేకపోతే ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడిగి నెలకు ఒకసారి చూపించుకుంటే సరిపోతుంది.
- కళ్లె ఉమ్మడానికి మూత ఉన్న చిన్న డబ్బా. లోపల ఎంత ఉందో కనిపించే రకం అయితే మంచిది.

1. ముందు ప్రమాద సంకేతాలు చూసుకోండి

మిగిలిన అంచెలన్నీ దీని తరువాతే. దగ్గినప్పుడు నెత్తురు పడితే, అది చార మాత్రమే అయినా, అదే రోజు వైద్యుడికి చూపించాలి. పాత గుల్లలోని రక్తనాళం చిట్లడం వల్ల గానీ, ఆ గుల్లలో బూజు పెరగడం వల్ల గానీ, వెడల్పైన శ్వాసనాళం ఒరుసుకుపోవడం వల్ల గానీ, టీబీ తిరగబెట్టడం వల్ల గానీ నెత్తురు పడవచ్చు. ఏది కారణమో ఇంట్లో తేల్చలేము. రెండు మూడు చెంచాలకు మించి పడినా, పదేపదే పడుతున్నా 108కు ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోగా రోగిని వెల్లకిలా పడుకోబెట్టకండి. జబ్బుపడిన ఊపిరితిత్తి ఎటు ఉందో తెలిస్తే ఆ పక్క కిందికి వచ్చేలా ఒత్తిగిలి పడుకోబెట్టండి, అప్పుడు నెత్తురు మంచి ఊపిరితిత్తిలోకి దిగదు. తెలియకపోతే ముందుకు వంగి కూర్చోబెట్టండి. నెత్తురు పడుతున్నప్పుడు ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి నొప్పి మాత్రలను సొంతంగా వేసుకోకూడదు. గుండెజబ్బుకు వైద్యుడు ఆస్పిరిన్ రాసి ఉంటే ఆ సంగతి వైద్యుడికి వెంటనే చెప్పండి.

కూర్చున్నచోటే ఆయాసం రావడం, మాట పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, ఉన్నట్టుండి ఛాతీలో పోటు పుట్టి ఊపిరి అందకపోవడం కూడా ఆసుపత్రికి పరుగెత్తవలసిన లక్షణాలే. ఆక్సీమీటరులో ఎప్పుడూ 95, 96 కనిపించే మనిషికి 90 కన్నా తక్కువ వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు.

2. మొదటి కొలతలు రాసిపెట్టుకోండి

దగ్గు, జ్వరం ఎక్కువ కాకుండా నిలకడగా ఉన్న వారం చూసి ఈ కొలతలు తీసుకోండి. పొద్దున ఖాళీ కడుపుతో బరువు చూడండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు గంటల మధ్య జ్వరం చూడండి. కదలకుండా ఐదు నిమిషాలు కూర్చున్నాక నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో ఇంకొకరిచేత లెక్కపెట్టించండి, ఎందుకంటే మనమే లెక్కపెట్టుకుంటే తెలియకుండానే ఊపిరి తీరు మారిపోతుంది. తరువాత ఇంటి నుంచి తెలిసిన ఒక గుర్తు దాకా, గుడి గానీ కిరాణా కొట్టు గానీ, మామూలు నడకతో వెళ్లి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్నిసార్లు ఆగారో, నడిచి రాగానే ఆక్సీమీటరులో ఎంత ఉందో రాయండి. నడక ముందుకన్నా నాలుగు అంకెలో అంతకన్నా ఎక్కువో పడిపోతే ఆ విషయం వైద్యుడికి తప్పక చెప్పాలి. పొద్దుటి కళ్లె ఎన్ని చెంచాలు వచ్చిందో, ఏ రంగులో ఉందో కూడా రాయండి.

నా పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: "జనవరి 9. బరువు 51.4. జ్వరం లేదు. కళ్లె రెండు చెంచాలు, తెలుపు. వాటర్ ట్యాంకు దాకా 7 నిమిషాలు, ఒకసారి ఆగాను." ఇంతకన్నా ఎక్కువ రాయనవసరం లేదు. వారానికి ఒకసారి చాలు. రోజూ పదిసార్లు ఆక్సీమీటరు పెట్టుకుంటే భయం పెరుగుతుందే తప్ప కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాట్లు ఉన్నాయి. గోరింటాకు లేదా గోళ్ల రంగు ఉన్న వేలికి, చలికి చల్లబడిన వేలికి ఆక్సీమీటరు పెడితే అంకె తక్కువ చూపవచ్చు. చేతులు రుద్దుకుని, వేలు మార్చి, అంకె నిలకడగా వచ్చేదాకా ఒక నిమిషం ఆగి చూడండి. బరువు విషయంలో చెప్పులు, చలికోటు తేడాతోనే కిలో మారిపోతుంది.

3. కళ్లెను రోజూ బయటకు తీయండి

పొద్దున్నే కళ్లె పడేవారికి అన్నింటికన్నా మేలు చేసే పని ఇదే. ఇలా చేస్తే దగ్గు పెరుగుతుందేమోనని భయపడి చాలామంది మానేస్తారు. నిలిచిన కళ్లెలోనే మామూలు సూక్ష్మజీవులు చేరి మళ్లీ మళ్లీ జ్వరం తెస్తాయని గుర్తుంచుకోండి.

ముందు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగి, వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. భుజాలు వదులు చేసి ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసుకోండి. తరువాత ముక్కుతో నెమ్మదిగా లోతుగా పీల్చి, మూడు లెక్కపెట్టేదాకా నిలిపి, నోటితో వదలండి. ఇలా మూడు నాలుగుసార్లు చేశాక నోరు బాగా తెరిచి, కళ్లద్దాలు తుడుచుకునేటప్పుడు అద్దం మీద ఆవిరి పట్టించినట్లుగా "హా" అని గాలిని పొట్ట బలంతో వదలండి. రెండుసార్లు అలా చేస్తే కళ్లె గొంతు దగ్గరకు వస్తుంది, అప్పుడు ఒకసారి దగ్గి డబ్బాలో ఉమ్మండి. కాసేపు ఆగి మొత్తం మళ్లీ చేయండి. ఇలా రెండు మూడు విడతలు, పది పదిహేను నిమిషాలకు మించకుండా, పొద్దున, సాయంత్రం చేయాలి. అన్నం తిన్న వెంటనే చేయకూడదు. నెత్తురు పడుతున్న రోజుల్లో అసలు చేయకూడదు.

టీబీ ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగాన్ని పట్టుకుంటుంది కాబట్టి, కూర్చుని చేస్తేనే చాలామందికి కళ్లె కిందికి జారి తేలిగ్గా వస్తుంది. కిందిభాగం దెబ్బతిన్నవారు మాత్రం జబ్బుపక్క పైకి వచ్చేలా ఒత్తిగిలి పడుకుని చేయాలి. ఏ భాగమో ఎక్స్‌రే చూపించి వైద్యుడిని గానీ ఫిజియోథెరపిస్టును గానీ అడగండి.

ఆవిరి పట్టడం వల్ల కళ్లె వదులవుతుంది, అంతే. మరిగే గిన్నె ఒళ్లో పెట్టుకుని కాళ్లు కాల్చుకున్న మనిషిని నేను చూశాను. కాబట్టి గిన్నెను బల్ల మీదే పెట్టండి, పిల్లలను దూరంగా ఉంచండి.

సరిగా చేస్తున్నారా లేదా ఎలా తెలుస్తుంది? మొదటి వారం కళ్లె కాస్త ఎక్కువ పడి, తరువాత పగటిపూట దగ్గు తగ్గితే సరిగా చేస్తున్నట్లే. ప్రతిసారీ గొంతు మంటపుట్టి, తల తిరుగుతుంటే "హా" బదులు గొంతుతో బలంగా దగ్గుతున్నారని అర్థం. కళ్లె తెలుపు నుంచి పసుపుకో ఆకుపచ్చకో మారి, చెంచాలు పెరిగి, జ్వరం తోడైతే వైద్యుడి దగ్గరకు వెళ్లండి, మామూలు సూక్ష్మజీవుల కోసం కూడా కళ్లె కల్చర్ (ల్యాబులో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) అవసరమా అని అడగండి.

4. తిరగబెట్టిందన్న అనుమానం వస్తే సరైన పరీక్షే చేయించండి

కొత్తగా మొదలైన దగ్గు గానీ, ఉన్నదానికన్నా పెరిగిన దగ్గు గానీ రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి పోవడం, పుస్తకంలో వరుసగా బరువు తగ్గడం కనిపించినా జిల్లా టీబీ కేంద్రానికో, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్లండి. పరీక్ష అక్కడ ఉచితం.

కళ్లె ఇచ్చే తీరులోనే సగం ఫలితం ఉంటుంది. పొద్దున్నే నోరు వట్టి నీళ్లతో పుక్కిలించి, రెండుసార్లు లోతుగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీయాలి. డబ్బాలో చిక్కగా, జిగటగా కనిపించాలి. నురగతో పల్చగా ఉంటే అది ఉమ్మి, దానితో వచ్చే "లేదు" అన్న ఫలితాన్ని నమ్మలేము. డబ్బా ఇచ్చే ముందు మీరే వెలుతురులో పెట్టి చూసుకోండి.

ఇక చాలా ముఖ్యమైన మాట. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకుంటాయి, చచ్చిన క్రిమిదైనా సరే. అందువల్ల కోర్సు ముగించినవారిలో అవి కొన్నిసార్లు "ఉంది" అని చూపవచ్చు. మీరు ఇదివరకు టీబీ మందులు వాడారని, ఏ తేదీన ఆపారని పరీక్షకు ముందే చెప్పి, కల్చర్ కూడా పంపుతారా అని అడగండి. బతికి ఉన్న క్రిమి మాత్రమే కల్చర్‌లో పెరుగుతుంది. దాని ఫలితానికి ఆరు వారాలు, కొన్ని పద్ధతుల్లో ఎనిమిది వారాలు కూడా పట్టవచ్చు. ఈలోగా మందులు మొదలుపెట్టాలా వద్దా అన్నది మీ లక్షణాలను చూసి వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. నిజంగా తిరగబెట్టిందని తేలితే ఏ మందులు పనిచేస్తాయో చూసే పరీక్ష జరిగాకే కోర్సు ఎంచుకోవాలి. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు వేసుకోవడం అన్నింటికన్నా పెద్ద తప్పు.

ఎక్స్‌రే ఒక్కదాన్నే చూసి ఎవరైనా "మళ్లీ వచ్చింది" అంటే పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూడమని అడగండి. నా విషయంలో ఇదే జరిగింది. కోర్సు ముగిసిన నాలుగో నెలలో చలికి దగ్గు పెరిగి జ్వరం వస్తే ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాను. కొత్త ఎక్స్‌రే తీసి, కళ్లె పరీక్ష లేకుండానే టీబీ మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. ఐదు వారాలు మింగాను. వాంతులయ్యాయి, ఇంట్లో అందరికీ నిద్ర కరువైంది. చివరికి టీబీ కేంద్రంలో వైద్యుడు రెండు ఫిల్ములను ట్యూబులైటుకు ఎదురుగా పట్టి, కుడి కాలరెముక కింద ముగ్గు గీతల్లా ఉన్న తెల్లని చారలను వేలితో చూపించారు. రెండింటిలోనూ చారలు అవే, అక్కడే, అంతే. కల్చర్‌లో కూడా ఏమీ పెరగలేదు. మచ్చ పక్కన నిలిచిన కళ్లెలో చేరిన మామూలు ఇన్ఫెక్షనుకు వారం రోజుల మందు సరిపోయింది. ఆ రోజు నుంచి పాత ఫిల్ములను బియ్యం డ్రమ్ము వెనక కాకుండా, మడత పడకుండా, తేదీ రాసిన కవరులో పెట్టుకుంటున్నాను. మీరు ఫోనులో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

డబ్బు వృథా అయ్యే పరీక్షలు కొన్ని ఉన్నాయి. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ చెప్పే పరీక్షలను మన దేశంలో 2012లోనే నిషేధించారు. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష, ఇగ్రా రక్తపరీక్ష జబ్బు నయమైన తరువాత కూడా ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉండవచ్చు కాబట్టి, తిరగబెట్టిందో లేదో వాటితో తేలదు. ఈఎస్ఆర్ అనే రక్తపరీక్షలో అంకె ఏ ఇన్ఫెక్షనుకైనా పెరుగుతుంది.

5. ఊపిరితిత్తి ఎంత పనిచేస్తోందో కొలిపించండి

టీబీ లేదని తేలినా ఆయాసం ఉంటే, "టీబీ లేదు, వెళ్లండి" అన్న మాటతో ఆగిపోకండి. స్పైరోమెట్రీ చేయమని అడగండి. గొట్టంలోకి బలంగా ఊదే ఈ పరీక్షను గాలిగొట్టాలను వదులు చేసే మందు పీల్చకముందు ఒకసారి, పీల్చాక ఒకసారి చేస్తారు. అయితే ఇది క్రిమి లేదని నిర్ధారణ అయ్యాకే చేయాలి. నాళాలు బిగుసుకున్నాయని తేలితే ఇన్‌హేలరు రాయవచ్చు. ఇన్‌హేలరుకు అలవాటు పడిపోతామన్న భయం అక్కరలేదు. చేతితో నొక్కే రకం వాడేటప్పుడు ముందు బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీలుస్తూనే నొక్కి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి నిలపాలి. నాలుక మీద చేదు తగిలితే, నోటి పక్క నుంచి పొగ బయటకు వస్తే మందు లోపలికి పోలేదని అర్థం. అలాంటివారు స్పేసర్ అనే గొట్టం పెట్టుకుంటే తేలికవుతుంది. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలరు అయితే తరువాత నోరు పుక్కిలించాలి.

ఊరి ఆర్ఎంపీ దగ్గర ఆయాసానికి స్టెరాయిడ్ మాత్రలు, దగ్గుకు లీవోఫ్లాక్సాసిన్ తీసుకునేవారు ఎందరో ఉన్నారు. మొదటిది దాగి ఉన్న క్రిమిని లేపగలదు, రెండోది నిజంగా టీబీ ఉంటే కొన్నాళ్లు కప్పిపెట్టి, నిర్ధారణను ఆలస్యం చేసి, క్రిమిని మందుకు లొంగకుండా మొండిగా మార్చగలదు. వీటిని మీ అంతట మీరు కొనకండి.

6. గుల్ల మిగిలినవారు బూజు గురించి అడగండి

నెలల తరబడి దగ్గు, నీరసం, బరువు తగ్గడం, అప్పుడప్పుడు నెత్తురు పడడం ఉండి, కళ్లెలో టీబీ మాత్రం ఎన్నిసార్లు చూసినా కనిపించకపోతే, పాత గుల్లలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చేరి ఉండవచ్చు. దీనికి సీటీ స్కాన్, ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ రక్తపరీక్ష ఉన్నాయి, మందులూ ఉన్నాయి. టీబీ అనుకుని రెండోసారి, మూడోసారి కోర్సు వాడేవారిలో కొందరి అసలు జబ్బు ఇదే. "ఇది బూజు కావచ్చునా?" అని మీరే ఒక్కమాట అడగండి.

మధుమేహం ఉన్నవారు మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) చేయించుకోవాలి. చక్కెర అదుపు తప్పితే టీబీ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

7. నడవండి

ఆయాసానికి భయపడి మంచం పట్టినకొద్దీ కాళ్ల కండ తగ్గి, అంతే పనికి ఆయాసం మరింత పెరుగుతుంది. మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో పది నిమిషాలు మొదలుపెట్టి, వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి. ఆయాసం వస్తే నిలబడి, ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చేసి టీ చల్లార్చుకున్నట్లు నెమ్మదిగా వదలండి, వదిలే సమయం పీల్చే సమయానికి రెట్టింపు ఉండాలి. మెట్లెక్కేటప్పుడు ఊపిరి వదులుతూ అడుగు వేయండి. ఆరు వారాల తరువాత అదే వాటర్ ట్యాంకు దాకా నడిచి పాత నిమిషాలతో పోల్చండి. తేడా ఏమీ లేకపోతే ఊపిరితిత్తుల వైద్యుడిని పల్మనరీ రీహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల రోగులకు దగ్గరుండి చేయించే వ్యాయామ శిక్షణ) గురించి అడగండి.

బీడీ, సిగరెట్టు పూర్తిగా మానాలి, ఇందులో సర్దుబాటు లేదు. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో వంట ఆరుబయటకు మార్చండి. మిరపకాయల తాలింపు పెట్టేటప్పుడు పక్క గదిలోకి వెళ్లండి. ఏటా వేసే ఫ్లూ టీకా, న్యుమోనియా ముప్పు తగ్గించే న్యుమోకాకల్ టీకా మీకు అవసరమా అని వైద్యుడిని అడగండి.

8. ఇంట్లోవారి భయం, మీ భయం

కోర్సు పూర్తయి, కళ్లెలో క్రిమి లేదని తేలినవారి నుంచి ఎవరికీ టీబీ అంటదు. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టవలసిన పని లేదు. నిజానికి కంచం వల్ల టీబీ ఎప్పుడూ అంటలేదు, అది గాలి ద్వారా అంటేది. పిల్లలను ఎత్తుకోవచ్చు. పెళ్లి చేసుకోవచ్చు. గర్భం గురించి ఆలోచిస్తున్నవారు ఒకసారి ఊపిరితిత్తుల పరిస్థితి చూపించుకుని ముందుకు వెళ్లవచ్చు. ఈ మాట మీరు చెబితే ఇంట్లో నమ్మకపోతే, చివరి కళ్లె రిపోర్టుతో పాటు అత్తగారినో భర్తనో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి వైద్యుడి నోటనే చెప్పించండి. నేను వెళ్లిన ఇళ్లలో కంచాలు మళ్లీ కలిసింది ఎక్కువగా అలాగే.

ప్రతి దగ్గుకూ గుండె జారిపోతుంటే, నిద్ర చెడి రెండు వారాలు దాటితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. టీబీకి సంబంధించిన సందేహాలకు నిక్షయ్ ఉచిత నంబరు 1800 11 6666 ఉంది.

9. విదేశాలకు వెళ్లేవారు

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. గల్ఫ్ మెడికల్‌లో ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపించినా అన్‌ఫిట్ అని రాసే అవకాశం ఉంది, నయమైందన్న సర్టిఫికెట్ చూపించినా ఫలితం మారకపోవచ్చు. అందుకే ఏజెంటుకు డబ్బు కట్టకముందే, అప్పు చేయకముందే ఎక్స్‌రే తీయించి మచ్చ ఉందో లేదో తెలుసుకోండి. వలస వీసాలకు వైద్య పరీక్ష అడిగే ఇతర దేశాలు మచ్చ ఉంటే సాధారణంగా మూడు కళ్లె నమూనాలు, కల్చర్ అడుగుతాయి. అంటే ప్రయాణానికి రెండు నెలల ముందుగానే మొదలుపెట్టాలి. పాత టీబీని దాచి ఫారం నింపకండి.

10. తేదీలు గోడ క్యాలెండరు మీద రాయండి

జాతీయ టీబీ కార్యక్రమం ప్రకారం కోర్సు ముగిశాక 6, 12, 18, 24 నెలలకు మళ్లీ చూపించుకోవాలి. బాగానే ఉన్నా వెళ్లాలి. కబురు రాకపోతే మీరే వెళ్లండి, నిక్షయ్ ఐడీ చెబితే రికార్డు దొరుకుతుంది. ప్రతిసారీ పుస్తకం, పాత ఫిల్ములు తీసుకెళ్లి, బరువు చూపించి, కళ్లె పడుతుంటే పరీక్షకు ఇచ్చి రండి. 24 నెలల రోజున వీలైతే ఒక ఎక్స్‌రే తీయించి కవరులో చేర్చండి. ఆ తరువాత ఎప్పుడైనా ఆపరేషను చేయించుకోవలసి వస్తే, ఉద్యోగానికి ఎక్స్‌రే అడిగితే, కొత్త ఊళ్లో కొత్త వైద్యుడి దగ్గరకు వెళితే, ఆయన ఫిల్ము పైకెత్తి "ఇదేమిటి?" అని అడగకముందే ఆ కవరు ఆయన చేతికి ఇవ్వండి.